సముద్రానికి జ్వరం చూసే పని

తెల్లారి ఐదున్నరకొకసారి, మాపటేళ ఇంకోసారి
తాడు కట్టిన ఇత్తడి గొట్టాన్ని నీళ్ళలోకి వదుల్తాను.
మూడు బారలు దిగాక ఒక్క గుంజు.
పాదరసం చెప్పిన అంకెను పుస్తకంలో రాస్తాను.
ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు.

దినానికి నాలుగొందల యాభై.
నడిమిపాళెంలో నా పేరిప్పుడు సముద్రం డాక్టరమ్మ.
"ఏం పాపా, జొరం తగ్గిందా?"
వల చిక్కు తీసుకుంటా చెంచురామయ్య మామ.

కట్టేది లేనిది ఇంకా తేలలేదు.
ఢిల్లీలో లెక్కలేస్తున్నారంట
దేశానికి ఇంత కరెంటు, ఇన్ని రియాక్టర్లు, ఇన్నేళ్ళని.
ఆ కాగితంలో ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉంది,
అందులోకి పోయే అంకె నా తాడు చివర వేలాడతా ఉంది
అనుకున్న రాత్రి నిద్ర పట్టదు.

విశ్వంభర్ గారు కావలి నుంచి జీపులో వస్తారు.
మంచాయన. చేపల కూర పెడితే
ముళ్ళు ఏరడం రాక పులుసు మటుకు తిని లేస్తారు.
సర్వితోపు నీడలో మ్యాపు పరిచి
నాలుగు మూలలా నాలుగు గవ్వలు పెట్టి
బడిపిల్లల కంపాసుతో ఒక చుట్టు తిప్పారు.
గీత మా వంటింట్లోంచి పోయింది.
పొయ్యి లోపల. నీళ్ళ బిందె బయట.
"ఉత్త పెన్సిల్ గీతేనమ్మా," అన్నారు.

పోయిన ఎండల్లో రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
చిన్నాయన గుంటలో ఏరేటర్లు ఆగిపోయినాయి.
డీజిల్ తెచ్చేలోపల
గట్టు చుట్టూ తెల్లగా రొయ్యలు.
ఆయన ఏడవలేదు. వేళ్ళ కణుపుల మీద
అప్పు లెక్కపెట్టుకుంటా కూచున్నాడు.
కరెంటు వద్దని నేనెట్లా అనేది?
కృష్ణపట్నం దిక్కు ఇచ్చిన మా చెల్లెలు
ఆరేసిన చీర దులిపితే బూడిద రాలుద్ది.
అదీ నాకు తెలుసు.

జేజి దేశమ్మ అడిగింది:
"వాడుకున్న నీళ్ళు మళ్ళీ సముద్రంలోకేనంటనే.
ఎంత కాగి ఉంటాయబ్బయా?"
"నాలుగైదు డిగ్రీలు ఎక్కువ, అంతే జేజీ."
జేజి చెయ్యెత్తి నా నుదుటి మీద పెట్టింది.
"దీనికి నాలుగు పెరిగితే ఆస్పత్రికి ఎత్తకపోతాం గదా!"
ఆయన నవ్వారు. నవ్వు సగంలో ఆగింది.

"మరి కాలిన కడ్డీలు?" చెంచురామయ్య మామ.
"నీళ్ళ తొట్లలో ఉంచుతాం, చల్లారేదాకా."
"ఆ తర్వాత? ఎన్నాళ్ళు కాపలా?"
విశ్వంభర్ గారు గవ్వలు ఒక్కొక్కటే ఏరి
నా చేతిలో పోశారు.
మ్యాపు దానంతటదే చుట్టుకుపోయింది.

ఈ మాపటేళ ఇరవై తొమ్మిది పాయింట్ ఒకటి.
రాయబోతా ఆగాను.
ఎంత రాస్తే కడతారో, ఎంత రాస్తే మానుకుంటారో
నాకెవరూ చెప్పలేదు.
చెప్పినా ఏది కోరుకోవాలో తెలియదు.
ఉన్న అంకే రాసి సంతకం పెట్టాను, కొమారి నీలవేణి.

పక్కన ఇతర విశేషాలు అని ఒక గడి.
ఐదు నెలలుగా అడ్డగీతే కొడుతున్నాను.
ఈ పొద్దు రాశాను:
కానాగంతలు ఒడ్డు దాకా వచ్చినాయి.
పిల్లలు చేతుల్తో పట్టినారు.