ఖాళీ పెట్టెల లెక్క

బూగ్ నది వంతెన దగ్గర నా ఉద్యోగం
గూడ్సు పెట్టెల తలుపులకి సీసపు ముద్రలు వేయడం.
రై ధాన్యం, అవిసె నార, మాంగనీసు
రాత్రికి రెండు బళ్లు, అవతలి ఒడ్డుకి.
ఒప్పందం ఉంది. సంతకాలున్నాయి.
స్టేషన్ మాస్టర్ హ్లేబ్ గారి బల్ల అద్దం కింద
దాని నకలు ఉంది, టీ గ్లాసు మరకతో.

వెళ్లిన పెట్టెలు ఖాళీగా తిరిగి రావాలి.
మే నెలలో వచ్చేవి,
లోపల గడ్డిపరకలు, ఒకసారి ఎవరిదో ఒంటి చేతితొడుగు.
పన్నెండు రోజులుగా ఒక్కటీ లేదు.
నా పుస్తకంలో ఎడమ పక్క నిండిపోతోంది,
కుడి పక్క తెల్లగా ఉంది.
"రావలసినవి నాలుగు వందల పదహారు" అని రాశాను.
హ్లేబ్ గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ తుడిచి
"ఆలస్యం అని రాయి, దరఫేయా" అన్నారు.
"ఆ మాటకి శిక్ష లేదు."

అవతల గడ్డివాములు పెరిగాయి.
ఇంకా కొడవలి పడని పొలాల్లో గడ్డివాములు!
చేపలు పట్టే సిమ్ఖా రోజూ లెక్కపెట్టేవాడు
సోమవారం పదకొండు, గురువారం ముప్పై.
ఆ లెక్క ఎవరికో చెప్పాడు.
శుక్రవారం నుంచి పడవ గుంజకే ఉంది.
అందులో నీళ్లు చేరుతున్నాయి, ఎవరూ తోడరు.

వదంతులు నమ్మవద్దంది రేడియో.
వినగానే జనం కొట్టు ముందు బారులు తీరారు
ఉప్పుకి, అగ్గిపెట్టెలకి, కిరసనాయిలుకి.
పక్కింటి స్తెఫానియా మూడు కిలోల ఉప్పు మోసుకొచ్చి
దోసకాయలు ఊరవేయడానికంది.
దోసతీగ ఇంకా పూతకైనా రాలేదు.

వాళ్ల పట్టాలు మావాటికంటే నాలుగు వేళ్లు ఇరుకు.
ఆ నాలుగు వేళ్లే మన కోటగోడ అనేవాడు మా నాన్న.
మొన్న వంతెనకి రంగు వేస్తామంటూ
అటునుంచి ఒక కుర్రాడు టేపు పట్టుకొచ్చాడు.
పొడవు కొలిచాడు. ఎంత బరువు ఆపుతుందని అడిగాడు.
ఏం రంగు వేస్తారన్నాను.
అది మాత్రం ఎవరూ చెప్పి పంపినట్టు లేదు,
కాసేపు ఆలోచించి, మర్యాదగా నవ్వి
"బూడిద రంగు" అన్నాడు.

ఈ రాత్రి శనివారం.
ఏడాది మొత్తంలో ఇంత పొట్టి రాత్రి ఉండదు.
రొట్టెపిండి కలిపి, గుడ్డ కప్పి వచ్చాను.
మా ఒడ్డున కప్పలు చెవులు పగిలేలా అరుస్తున్నాయి.
ఆ ఒడ్డున ఒక్కటీ అరవడం లేదు.
చీకట్లో ఇన్ని వేల కాళ్లు
గడ్డి తొక్కకుండా ఎలా నిలబడతాయి?
కప్పలకి ఒప్పందం సంగతి తెలీదు.

రెండు గంటలకి ఆఖరి బండి. నలభై పెట్టెల రై.
రూలు ప్రకారం ప్రతి ముద్రనీ వేలితో తడిమాను.
అవతలి కాపలావాడు లాంతరు ఎత్తి ఊపాడు, రోజూలాగే.
దించడానికి మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టింది,
లేక నాకే అలా అనిపించిందో.

పుస్తకం తెరిచి ఎడమ పక్క నలభై వేశాను.
కుడి పక్క "ఆ" దాకా రాసి
కొట్టేశాను.
సీసం నలుపు వదలక చేతులు ఇసుకతో రుద్దుకుంటున్నాను.
తూర్పు తెల్లబడుతోంది.
ఎందుకో నీళ్ల బకెట్టుతో సహా
పడమటి వైపు తిరిగి కూర్చున్నాను.