పంతొమ్మిది అక్షరాలు

అక్టోబరు పదకొండు. లాంకాస్టర్ ఆమిష్ ఇళ్ళలో ఉపవాసం.
గుర్రబ్బండి పక్కన కారు ఆపి
మలిండా వంటింట్లో నెత్తురు తీస్తున్నాను.
పరగడుపు నమూనా మా లెక్క,
పరగడుపు ఆవిడకి దేవుడి లెక్క.

బల్ల మీద నిన్న చిలికిన వెన్న,
చెక్క అచ్చులోంచి ఇంకా ఊడి రాలేదు.
"నీ ఒంట్లోనూ ఇంతే" అన్నాను.
ఆకలి వచ్చి తలుపు కొడుతుంది,
కణంలో కొవ్వు బొట్టు వింటూనే ఉంటుంది,
గడియ తీసే చెయ్యి లేదు.
ఆ చేతిని మలిచే రాతలో
పంతొమ్మిది అక్షరాలు రాలిపోయాయి
ఎప్పుడో, ఓడ దిగిన ఏ ముత్తాత దగ్గరో.

నవ్వింది. జర్మన్ బైబిలు తెచ్చి
అట్ట వెనక పుట్టినవాళ్ళ జాబితా చూపించింది.
"మా తాత జోనస్ నా పేరులోనే రెండు మింగేశాడు.
దిద్దమంటే,
తెలిసినవాళ్ళు చదువుకుంటార్లే అన్నాడు."

కిటికీ అవతల పొడుగాటి సెలరీ మళ్ళు.
ఇంటివాళ్ళు తినేదానికి మించి.
అంటే నవంబరులో పెళ్ళి,
ఎవరూ ఇంకా చెప్పని పెళ్ళి.
నేనూ అడగలేదు.

దూది నొక్కుకుంటూ తనే అంది:
"సలోమాకి నా వాటా ఎలాగూ వెళ్ళింది కదా."
"వెళ్ళింది. ఒక్కటైతే పెద్దగా ఏం కాదు."

కాసేపు సెలరీ వైపు చూసింది.
"ఇంకో గొట్టం ఉందా నీ దగ్గర?
రేపు ఎరువు తోలడానికి
ఒక కుర్రాడు వస్తాడు."