జానెడు గట్టు

కన్నంనాయుడా,
దేవిక బొటనవేలు నొప్పెట్టీదాకే నా మాట.
బొత్తాం వొగ్గేస్తే తెగిపోద్దంట.
అంచేత పెద్ద కబురు ముందు సెప్పాలి,
నాకేమో సిన్నవే ముందొస్తన్నాయి.

మోటారు కాలిపోయింది. సుట్టించినాను.
తగరపువలసోడు నాలుగువేలు గుంజినాడు,
తీగ పాతదే ఏసినాడని నా అనుమానం.
ఎర్రగేదె దున్నదూడని ఈనింది. పాలు మాత్రం సిక్కన.
మీ అప్ప కూతురు కానిస్టేబులు పరుగులో నెగ్గింది,
గట్ల మీద ఉట్టికాల్లతో నేర్సుకున్న పిల్ల,
ఆల్లిచ్చిన బూట్లకే బొబ్బలెక్కినాయంట.
మీ అమ్మ మోకాలికి కేజీహెచ్‌లో సూదేసినారు.
వొచ్చీటప్పుడు బస్సులో కండక్టరుతో దెబ్బలాడింది,
అంటే తగ్గినట్టే.

గట్టేపు ముప్పై సెంట్లలో కనకాంబరాలేసినాను.
నవ్వకు.
వరి తప్ప ఏటీ ఎరగని సేతులు
తెల్లారగట్ట మూడింటికి
నుదుటికి లైటు కట్టుకుని పూలు కోస్తన్నాయి.
ఆనందపురం బజార్లో నిన్న కిలో ఆరొందలు,
ఇయ్యాల రెండొందలు.
పువ్వుకి మర్యాద పొద్దెక్కేదాకానే.

దాలినాయుడు పోనాడు.

అదీ, పెద్ద కబురు.
పద్దెనిమిదేల్లు ఆడికీ నాకూ మాటల్నేవు.
ఆడి గట్టు మీంచి బడికెల్లినావని
నిన్ను తాటిమట్టతో కొట్టినాను, గురుతుందా?
గెడ్డ కాడ నడుస్తా నడుస్తా కూకుండిపోనాడంట.
పాడికి ఓ భుజం తక్కువైంది,
కుర్రోల్లందరూ కంపెనీ షిఫ్టుల్లో ఉన్నారు.
నన్నెవలూ పిలవనేదు. నాను ఎల్లినాను.
బరువు నేడురా.
యూరియా బస్తాపాటి నేడు.
ఇంతోడితోనా, అనుకున్నాను,
ఇన్నేల్లు.

మూడోనాడు రాత్రి ఎన్నెట్లో
పారట్టుకుని గట్టు మీదకెల్లినాను.
ఏటా దుక్కిలో నాగలి ఓ ఏలు అటు జరిపీవోడిని,
ఎడ్లు పోయినాక ట్రాక్టరోడికి కన్నుగీటి ఇంకో ఏలు.
ఎంత లోనకెల్లినానో ఆడికి తెలుసు, నాకు తెలుసు.
సర్వేరుకే తెల్దు.
పాత రాయి తుమ్మ మొదట్లో మట్టికింద ఉంది.
ఎతకనక్కర్నేకపోయింది,
పూడ్సింది నానే గదా.

జానెడు.
పొడుగూతా జానెడు.
గట్టు కొట్టి మల్లీ ఏసీసరికి కోడి కూసింది.
కనకాంబరం ఓ వరస అటేపైపోయింది,
పూస్తే ఇంక ఆల్లవే.

పొద్దున్న ఆడి పెల్లాం వొచ్చి సూసింది.
ఈ సివర్నించి ఆ సివరదాకా నడిసింది.
ఏటీ అన్నేదు.
తిడితే బాగున్ను.

మీ అమ్మకి సెప్పనేదు.
నీకెందుకు సెప్తన్నానంటే
అది రేపు నీకు రావలసిన బూమి,
నిన్నడక్కుండా ఇచ్చేసినాను.
కోపమొస్తే తిట్టు.
దేవిక వింటంది, విననీ,
దానికి అరకిలో జీళ్లు బాకీ పడ్డాను.

ఇంక నీ సంగతి.
బాగున్నావా అని అడగను,
బాగున్నానంటావు, అక్కడికి అయిపోద్ది.
గాలెటు తిరిగిందో సెప్పు సాలు.
మన తుపానులన్నీ నీ కాడే పుడతాయంట గదా,
పోర్టుబ్లేరులో నీ వెల్డింగు టోపీ ఎగిరిపోతే
నాలుగోనాటికి నా మడిలో నీల్లు నిలబడతాయి.
టీవీవోడి కన్నా ముందు
నీకే తెలుస్తాది.
మొన్న కురిసిన వాన
కాలిన ఇనుం వాసనేసిందని మీ అమ్మంది.
దానికి మతి పోయిందని నవ్వినాను.
తరవాత,
అది లోనకెల్లినాక,
సూరుకింద నిలబడి నాలిక సాసి సూసినాను.

సరే, సరే, దీని ఏలు ఎర్రబడిపోయింది.
కొత్త గట్టు, ఇంకా మట్టి కుదురుకోనేదు,
పెద్ద వానొస్తే జారి
మల్లీ మనేపుకే వొస్తాది.
మబ్బు కట్టగానే ఓ మాటెయ్యి.
రెండ్రోజులు ముందు తెలిస్తే సాలు,
గడ్డిపెల్లలు పరుసుకుంటాను.