పసుపు గడి

వ్యాసర్పాడి మైదానం, ఉదయం ఐదున్నర.
రాత్రి వానకి సున్నం గీతలు సగం చెరిగాయి.
నేను టేపు పరుస్తాను, కోన్లు పెడతాను,
స్పీకరు చెవి మెలిపెడతాను.
బీప్.
ఇరవై మీటర్లు. బీప్. మళ్లీ ఇరవై.
గోడకు కొట్టిన బంతుల్లా పిల్లలు వస్తూ పోతూ
ఒక్కొక్కరే రాలిపోతారు.
పేరు పక్కన అంకె వేసుకుంటాను.

గజలక్ష్మి అందరికన్నా ఆఖరున ఆగింది.
ఊపిరికి వంక పెట్టలేం.
ఒంటికాలి గెంతులో మాత్రం
ఎడమ కన్నా కుడి, నూటికి పద్నాలుగు తక్కువ.
పది దాటితే పసుపు వెయ్యమంది కాగితం.
వేశాను.

"అంటే ఏమన్నా, నా కాలు ఇరిగిపోతాదా?"

జాతకం కాదమ్మా.
సముద్రంలో వాయుగుండం అని రేడియో చెబితే
కాశిమేడు పడవలు ఆ రోజు ఆగుతాయి.
ఒక్కోసారి తుఫాను ఒంగోలు వైపు పోతుంది.
ఆగినందుకు పడవలు సిగ్గుపడవు.

పోయినేడు దిల్లీబాబుకు అన్నీ ఆకుపచ్చలే.
వంగితే అరచేతులు నేలకు ఆనేవి.
లీగు మూడో ఆటలో, ఎవరూ తగలకుండా,
ఒంటరిగా పక్కకి తిరుగుతూ పడ్డాడు.
మోకాలు టప్ మన్న చప్పుడు
గోలు పోస్టు వెనక నాకు వినబడింది.
ఆ రాత్రి ఆ ఆకుపచ్చ గడుల్ని
చాలాసేపు చూస్తూ కూచున్నాను.

నా మోకాలిని ఎవరూ కొలవలేదు.
కొత్తవాల్ చావడిలో ఉల్లిపాయల మూటలు దించి
నేరుగా ఆటకి వచ్చేవాణ్ని.
మా మాస్టారిది ఒకటే పరీక్ష: "దిగుతావా?"
దిగేవాణ్ని.
ఇప్పుడు కూచుని లేవాలంటే గోడ కావాలి.

సాయంత్రం హౌసింగ్ బోర్డు వైపు వెళ్లాను.
లారీ నీళ్లు. ప్లాస్టిక్ బిందె. ఎడమ నడుము.
గజలక్ష్మి మూడో అంతస్తుకి ఎక్కుతోంది,
దిగుతోంది, ఎక్కుతోంది.
పదకొండు దాకా లెక్కపెట్టాను.
ఎడమకాలు ఇంటికి నీళ్లు తెస్తోంది,
కుడికాలు వెంట వస్తోంది, చుట్టంలా.
ఇదే కారణమని ఒట్టు వెయ్యలేను.
బిందెకు నా కాగితంలో గడి లేదు.

"ఆరు ఇటు, ఆరు అటు మొయ్యి," అన్నాను.
నవ్వింది.
"కుడిచేత్తో గోడ తడుముకోవాలి కదన్నా,
మెట్ల కాడ లైటు లేదు."

గడులు అయిపోయిన చోట, అంచు మీద,
మెట్ల కాడ లైటు లేదు అని రాశాను.
దానికి ఏ రంగు వెయ్యాలో
రేపు కోచ్‌ని అడగాలి.