నాలుగో అంకె

నా పని గ్లౌజుల్ని చంపడం.
గిమరాయిష్‌లో, మూతబడ్డ నూలుమిల్లు వెనక గదిలో
పొద్దున్న ఎనిమిదింటికి మొదలవుతుంది.

ముందు కత్తెర.
అరచెయ్యి నడిమధ్య నుంచి గుండ్రంగా ఒక ముక్క.
నా దగ్గర నెగ్గిన గ్లౌజు ఏదీ
ఎవరి చేతికీ మిగలదు.
దాని తోబుట్టువులు పోతాయి పనిలోకి,
చచ్చినదాని మార్కులు వీపున అచ్చేసుకుని.

గరుకు కాగితం మీద ఎనిమిది వేల చుట్లు రుద్దుతాను.
యంత్రం ముసలి పిల్లిలా గురగురమంటూ లెక్కపెడుతుంది.
తర్వాత గుండ్రటి బ్లేడు.
ఈ కొత్త రకం నూలుకి అది మొద్దుబారిపోతే
ఆ గడిలో ఎక్స్ అని రాసి, తిన్నటి బ్లేడు తీస్తాను,
దాని ఫలితానికి చివర్లో ఇంకో అక్షరం.
రెండు దవడల మధ్య బిగించి చింపుతాను.
ఆఖరున మేకు.

చేతులు కాలాక పట్టుకునే ఆకులు కావివి,
కాలకముందే తొడుక్కునేవి అని
కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెబుతుంటాను, కాస్త గర్వంగానే.

ఫిబ్రవరిలో ఒక కవరొచ్చింది.
లోపల ఎడమచేతి గ్లౌజు, ఉతికి, మడతపెట్టి.
చూపుడువేలి మొదట్లో నీలం సిరాతో చిన్న సున్నా.
సున్నాలో ఏమీ కనబడలేదు.
దీపానికెత్తి చూస్తే
చీమ కన్నంత వెలుతురు.

"పోర్తో దగ్గర చెత్త వేరుచేసే బెల్టు మీద పని నాది.
దీని నాలుగో అంకె నాలుగు.
గుచ్చుకోకుండా కాచే వాటిలో అంతకు మించింది లేదన్నాడు మా ఫోర్‌మన్.
పెరుగు డబ్బాలో ఇంజెక్షన్ సూది ఉంది.
అబద్ధమాడింది ఎవరు? సూదా, అంకెనా?
దియొలిందా."

ఎవరూ అడక్కుండానే, భోజనం మానుకుని, మళ్ళీ పరీక్షించాను.
నూటయాభై న్యూటన్లు దాటేదాకా మేకు దిగలేదు.
అంకె నిజమే.
మా మేకేమో నాలుగున్నర మిల్లీమీటర్ల లావు,
దానికి దారివ్వాలంటే పోగులు తెగాలి.
సూదికైతే ఊరికే పక్కకి జరిగితే చాలు,
బస్సులో ముసలాయనకి జరిగినట్టు.

"సన్నసూదికి వేరే పరీక్షుంది," అన్నాడు అబీలియు, మా పెద్ద,
"ఆ కంపెనీ అడగలేదు, మనం చెయ్యలేదు."
నన్నడిగిన ప్రశ్నకి సరైన జవాబే రాశాను.
ఆమె వేలినడిగిన ప్రశ్న వేరు.
ఉత్తరానికి బదులు రాయడం చేతకాక
శనివారం రైలెక్కాను.

యాభై దాటిన మనిషి, రబ్బరు బూట్లు, చెవుల్లో దూది.
తిట్టలేదు. గ్లౌజు తిప్పి చూపించి
"ఈ రెండోచోట ఎక్స్ ఏమిటి?" అంది.
ఆ పరీక్షకి లెక్క రాలేదని.
"సున్నా కాదా?"
కాదు. సున్నా అంటే ఓడిందని.
ఎక్స్ అంటే మాకు తెలీదని.
పకపకా నవ్వింది.
"అయితే ఇన్నిట్లో దీన్నొక్కదాన్నే నమ్ముతాను."

బెల్టు కదిలింది.
సీసాలు, తడి అట్టలు, విరిగిన గొడుగు, ఒక బొమ్మ కాలు.
ఆమె దేన్నీ పట్టుకోదు.
రెండు వేళ్ళతో అంచు లేపుతుంది,
పాల మీద మీగడ తీసినట్టు.

"ఇరవయ్యేళ్ళు ఇలాగే.
అప్పట్లో తోటపని గ్లౌజులిచ్చేవారు, అంకెల్లేవు.
ఇవొచ్చాక, ఆ నాలుగు చూశాక,
మొదటిసారి పిడికిలి బిగించాను."

నేను బూట్లకేసి చూశాను. నావి, ఆమెవి కావు.

ఆమెకి ఆఖరి రక్తపరీక్ష మే నెలలో.
అప్పటిదాకా ఆ గడిలో ఉండేది
నా చేతికి బాగా అలవాటైన అక్షరమే.

సోమవారం రిపోర్టు కింద ఒక వాక్యం చేర్చాను:
ఇది మేకుకి చెప్పిన జవాబు, సూదికి కాదు.
మేనేజరు కొట్టేశాడు.
ఇంకా చిన్న అక్షరాల్లో మళ్ళీ రాశాను.

యంత్రం గురగురమంటోంది.
ఆరువేల రెండొందలు.
ఆమె గ్లౌజు నా సొరుగులో ఉంది, కొయ్యకుండా.