పెన్సిలు ఆగిన పేజీ

పదకొండో నంబరు ట్రాము మియెరా వీధి మలుపు తిరిగేసరికి
విజ్మా తాలిస్‌ని మూడోసారి వదిలేసింది.
నాకింకా నాలుగు స్టాపులున్నాయి,
వాళ్లకింకా నూట అరవై పేజీలు.

లైబ్రరీ నవల. అట్ట మీద ఎవరి టీకప్పుదో గుండ్రటి మరక.
లోపల ఐదుగురు చిత్రకారులు, ఒకటే వంటగది.
ఒకరి బ్రష్షు ఇంకొకరి గ్లాసులో,
ఒకరి కోటు ఇంకొకరి మంచం కోడుకి.
తెల్లవార్లూ నీలం గురించి కొట్లాడుకుంటారు.
కొట్లాట నీలం గురించి కాదని
ఐదుగురికీ తెలుసు, నాకూ తెలుసు.
గిన్నెలు మాత్రం ఎవరూ కడగరు.
లెక్క చూస్తూనే ఉన్నాను:
ఇప్పటికి ఒక్కసారి,
అదీ మాదరా,
ఏడుపు వినపడకుండా కుళాయి తిప్పడానికి.

నాది ఫ్రేములు కట్టే పని.
ఇరవై ఆరేళ్లుగా రీగాలో బొమ్మల వీపులు చూస్తున్నాను.
ముందువైపు నది, మంచు, నగ్నంగా ఒక భుజం.
వెనక బొగ్గుతో 'నీకే, ఎప్పటికీ',
దాని మీద అడ్డంగా గీత,
గీత కింద ఇంకో పేరు, కొత్త తారీఖు.
కాన్వాసు ఖరీదు కదా.
నేనేమీ అడగను.
గోధుమరంగు కాగితం అంటించి మూసేస్తాను,
బాకీ రాసుకుంటాను.
ఈ నవలలో కూడా ఫ్రేములవాళ్లకి ఎవరూ డబ్బివ్వరు.
అక్కడే నమ్మబుద్ధేసింది.

ఇక పెన్సిలు సంగతి.
నాకంటే ముందు చదివినావిడెవరో
మార్జిన్లలో తాలిస్‌తో తగవు పెట్టుకుంది.
నలభయ్యో పేజీలో 'అబద్ధం'.
డెబ్బై మూడులో 'మళ్లీనా'.
నూట పదిలో, వానలో నిలబడి అతను క్షమాపణ అడిగేచోట
మాటలేమీ లేవు,
కాగితం చిల్లుపడేంత గట్టిగా ఒక చుక్క.
ఆవిడ అంటున్నాను గానీ మగవాడైనా కావచ్చు.
ఈ ఊళ్లో ఏ తాలిస్ అయినా కావచ్చు.

రెండు వందల పన్నెండులో
విజ్మా అతని బొమ్మ సగంలో ఆపి
చేతులు తుడుచుకుని కిటికీ తెరుస్తుంది.
పక్కన పెన్సిలుతో: 'వెళ్లు'.
ఆ తర్వాత అంచులన్నీ తెలుపే.

నేను చివరిదాకా చదివాను.
విజ్మా వెళ్లలేదు.
టర్పెంటైన్ వాసన పోవడానికి తెరిచిందట.
చలేసి, మూసేసి, మళ్లీ వచ్చి కూర్చుంది.

ఆ సంగతి కింద రాసి పెడదామని
చెవి వెనక పెన్సిలు తీశాను.
మళ్లీ చెవి వెనకే పెట్టుకున్నాను.

శనివారం లైబ్రరీ అమ్మాయి పేజీలు తిప్పి
కళ్లద్దాల మీంచి చూసింది:
'ఈ రాతలు మీవేనా?'

అవునన్నాను.

జరిమానా ఒకటిన్నర యూరో.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.