ఆది జాకెట్టు

ఫోను నిండిపోయిందంట.
పొద్దుగాల సంది మూడుసార్లు చెప్పింది.
పదకొండువేల నాలుగువందల ఫోటోలు,
అండ్ల నా మొఖమున్నయి పట్టుమని పది గూడ లేవు.
అన్నీ వీపులే.
కుండ మెడ, పడవ మెడ, దోరీలు, లట్కన్లు,
మగ్గం మీద సగంల ఆగిన నెమళ్ళు.

మా దుకాణానికి తొవ్వ అల్కగ చెప్పొచ్చు:
అత్తాపూర్ల పిల్లర్ నంబరు నూట ముప్పైరెండు,
ఎడమకు మలిగి ఇరానీ హోటలు దాటితే
మిషిన్ చప్పుడే బోర్డు.

నాలుగేండ్ల కింది వానకు
నాలా పొంగి గల్లీల నడుముల్లోతు నీళ్ళు.
మిషిన్‌ను బల్ల మీదికి ఎక్కించిన,
గిరాకీల చీరెలు సజ్జ మీదికి ఎక్కించిన,
కొలతల నోటుబుక్కు మరిచిన.
పన్నెండేండ్ల నడుములు, చంకలు, చేతి పొడుగులు
రెండు దినాలు నాని నీలి చాయ్ అయినయి.
ఎండల పెడితే పేజీలు అప్పడాల లెక్క లేచినయి,
అంకెలు లేవలే.

అప్పటిసంది ఏది రాసినా ఫోటో తీసుడే.

పై పోర్షన్ల ఉండే ఇమ్రోజ్, డిప్లొమా చదువుతడు,
"అక్కా, క్లౌడ్ల పెట్టు, ఫోను పోయినా ఏం గాదు" అన్నడు.
క్లౌడంటే?
"మబ్బు."
నా పుస్తకం తీస్కపోయింది మబ్బే గదరా అన్న.
నవ్విండు. ఆ మబ్బు వేరంట, కురవదంట.
దానికి పిల్లర్ నంబరుందా అంటే
తల గోక్కున్నడు.
ఆఖరికి నాకు నేనే సమజు చేసుకున్న:
ఇది ఆది జాకెట్టు అసుంటిది.
తొడిగేది చినగనీ, ఇస్త్రీల కాలనీ,
ఆది ఉంటే మళ్ళ కత్తిరిస్తం.

రాత్రి పది దాటినంక వాళ్ళ వైఫై ఇచ్చిండు.
పన్నెండు శాతం.
ముప్పైనాలుగు.
కరెంటు పోయింది.
ముప్పైనాలుగు.
హుక్కులు కుట్టుకుంట కూసున్న.

నడుమల ఫోను అడిగింది:
ఈ మూడూ ఒకటే తీరున్నయి,
ఒకటి ఉంచుకొని రెండు తీసెయ్యాల్నా?

చూసిన.
ఆకుపచ్చ పట్టు జాకెట్టు, ఎర్రంచు.
హైమావతి టీచరుది.
అదే బల్ల, అదే టేపు, అదే బల్బు వెలుతురు.
మొదటిదాంట్ల ఛాతి ముప్పైఎనిమిది.
రెండోదాంట్ల ముప్పైనాలుగు,
"డైటింగమ్మా" అన్నది, టేపు పట్టంగ ఊపిరి బిగబట్టి.
మూడోదాంట్ల ఇరవైతొమ్మిది.
ఆసారి ఆమె రాలే. చెల్లె తెచ్చింది.
"ఎడమ దిక్కు లోపల జరంత దూది పెట్టి కుట్టు" అని
గోడ మీది క్యాలెండరుకు చెప్పింది.
కుట్టిన. పైసలొద్దన్న.
తీసుకున్నా బాగుండు,
వద్దంటె ఆమెకు తెలిసిపోతది గద
నాకు తెలిసిందని.

ఫోనుకు ఒకటే జాకెట్టు.
కుట్లు విప్పి లోపలికి గుంజిన చేతులకు ఎరుక
ఒక్క మనిషివే మూడు ఒళ్ళని.

వద్దు అని నొక్కిన.
మళ్ళ గుర్తు చేస్తనన్నది. చెయ్యనీ.

తెల్లారేసరికి నూరు శాతం.
నా వీపులన్నీ యాడికో ఎక్కినయి,
ఏ దేశంల ఉన్నయో, ఏ గదిల చల్లగున్నయో.
పాస్‌వర్డు మరువకక్కా, కాగితం మీద రాయకని
ఇమ్రోజ్ ఒకటే పోరు.
రాయలే.
అంకెలు మాత్రం మరిచేటియి గావు.

షట్టరెత్తితే పిల్లర్ల మీద మబ్బు పట్టింది,
కురిసే మబ్బు.
ఎందుకైనా మంచిదని
మిషిన్ కాళ్ళ కింద
ఇంకో రెండిటుకలు పెట్టిన.